దారి చూపే చుక్కలు

తెలియని ఊరిలో అడుగుపెట్టిన బాటసారికి మొదట కలిగే సందేహం "నేనిప్పుడు ఎక్కడ ఉన్నాను?" అన్నది. "ఎటు వెళ్లాలి?" అన్నది దాని తరువాతిది. ఈ రెండింటికీ మానవుడు తరతరాలుగా ఆకాశంలోనే సమాధానం వెదకుకొన్నాడు. పగలు సూర్యుడు, రాత్రి ధ్రువనక్షత్రం అతనికి దిక్కులు తెలిపాయి. విశాఖ తీరంలో డాల్ఫిన్ నోస్ కొండ, దానిపైనున్న దీపస్తంభం ఒడ్డుకు మరలే పడవలకు ఆనవాళ్లయ్యాయి. కాని మబ్బు పట్టిన రాత్రి చుక్క కనబడదు. తీరానికి దూరమైతే కొండ కూడ కనబడదు. ఈ కొరతను తీర్చుకొనడానికి మానవుడు తానే కొన్ని చుక్కలను నిర్మించి అంతరిక్షంలో నిలిపాడు. అవే గమన నిర్దేశక ఉపగ్రహాలు.

వీటిలో మొదట ప్రసిద్ధికెక్కినది అమెరికా దేశపు జి.పి.ఎస్. ఆ దేశ రక్షణశాఖ 1973లో ఈ పథకాన్ని చేపట్టి, 1978లో తొలి ఉపగ్రహాన్ని ప్రయోగించింది. సైనిక ప్రయోజనాలకై పుట్టిన ఈ విద్య సామాన్యులకు దక్కడం వెనుక ఒక విషాదం ఉన్నది. 1983 సెప్టెంబరు 1న కొరియా ప్రయాణికుల విమానమొకటి దారి తప్పి సోవియట్ గగనతలంలో ప్రవేశించగా, యుద్ధవిమానం దానిని కూల్చివేసింది. 269 మంది మరణించారు. పూర్తయిన పిమ్మట ఈ వ్యవస్థను పౌరులందరూ ఉచితంగా వాడుకోవచ్చునని అమెరికా ఆనాడు ప్రకటించింది. 1995 నాటికి అది సంపూర్ణంగా పనిచేయసాగింది.

దీని పనితీరు ఆసక్తికరమైనది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ప్రతి ఉపగ్రహంలోను పరమాణు గడియారం ఉంటుంది. ఉపగ్రహం తానున్న చోటును, సంకేతం బయలుదేరిన సమయాన్ని నిరంతరం చాటుతూ ఉంటుంది. ఆ సంకేతం కాంతివేగంతో ప్రయాణించి, సెకనులో దాదాపు పదిహేనవ వంతు కాలంలో నేలను చేరుతుంది. ప్రయాణకాలాన్ని బట్టి చేతిలోని పరికరం దూరాన్ని లెక్కిస్తుంది. మూడు ఉపగ్రహాల దూరాలతో స్థానం తేలుతుంది. పరికరంలోని సాధారణ గడియారపు దోషాన్ని సవరించడానికి నాల్గవది కావాలి. ఒక సెకనులో పదిలక్షల వంతు పొరపాటు జరిగినా దూరం 300 మీటర్లు తప్పుతుంది. ఉపగ్రహం మనలను చూస్తున్నదని చాలామంది భావిస్తారు. అది నిజం కాదు. ఉపగ్రహం పలుకుతుంది, పరికరం వింటుంది. అయితే మన జాడను ఇతరులకు చేరవేయగలిగినది చేతిలోని ఫోనే. కనుక ఆ అనుమతిని ఎవరికి ఇస్తున్నామో గమనించుకోవాలి.

భారతదేశం కూడ ఈ రంగంలో స్వయంసమృద్ధికి పూనుకొన్నది. 2013 నుండి 2016 వరకు శ్రీహరికోట నుండి ఏడు ఉపగ్రహాలను వరుసగా పంపి, ‘నావిక్’ వ్యవస్థను నెలకొల్పింది. తొలి ఉపగ్రహాలలోని కొన్ని విదేశీ గడియారాలు చెడిపోగా, 2023లో స్వదేశీ పరమాణు గడియారం గల ఉపగ్రహాన్ని ప్రయోగించింది.

నేడు ఈ విద్య నిత్యజీవితంలో కలిసిపోయింది. బాడుగకారు ఇంటి ముంగిటికి రావడానికి, అంబులెన్సు ప్రమాదస్థలిని చేరడానికి ఇదే ఆధారం. మత్స్యకారులకైతే ఇది జీవనాధారమే. సముద్రజలాల ఉష్ణోగ్రతను, నీటిలోని పచ్చదనాన్ని ఉపగ్రహాల ద్వారా పరిశీలించి, హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం చేపలు చేరే తావులను అక్షాంశ రేఖాంశాలతో సహా తెలుపుతుంది. తీరం దాటి కొంతదూరం పోగానే సెల్ ఫోన్ మూగబోతుంది. అక్కడ కూడ తుఫాను హెచ్చరిక అందేలా 2019లో ‘జెమిని’ అనే పరికరం వెలువడింది. చేపల జాడ కన్న తిరుగుదారి విలువైనదని కడలిని నమ్ముకొన్నవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

వినోదానికి కూడ ఈ విద్య తోడ్పడింది. పౌరులకందే సంకేతాలలో అమెరికా చాలాకాలం బుద్ధిపూర్వకంగా దోషాన్ని కలిపేది. అందువల్ల స్థానం నూరు మీటర్ల వరకు తప్పేది. 2000 మే నెల మొదట్లో ఆ దోషాన్ని తొలగించారు. వెంటనే, మే 3న, డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రపు అడవిలో ఒక బకెట్టును దాచి, అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్లో ప్రకటించాడు. మూడు రోజులలోనే ఇద్దరు దానిని కనుగొన్నారు. ‘జియోకాషింగ్’ అనే క్రీడ అలా పుట్టింది. పెట్టె దొరికినవారు అందులోని పుస్తకంలో పేరు వ్రాయాలి. ఒక వస్తువు తీసుకొంటే అంతకు తగ్గని విలువగల మరొకటి ఉంచాలి. మన పల్లెల్లోని దాగుడుమూతలకు ఇది విశ్వరూపం. నేడు ప్రపంచమంతటా ఇటువంటి పెట్టెలు లక్షల సంఖ్యలో ఉన్నాయి.

అయినా ఈ సౌకర్యానికి మరొక ముఖం లేకపోలేదు. లండన్ టాక్సీ చోదకులు అనుమతిపత్రం కొరకు సుమారు 25 వేల వీధులను కంఠస్థం చేస్తారు. వారి మెదడులో స్థలజ్ఞానానికి సంబంధించిన హిప్పోకాంపస్ వెనుకభాగం ఇతరులలో కన్న పెద్దదిగా ఉన్నదని 2000లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. అభ్యాసం కూసు విద్య అన్న పెద్దల మాటకు ఇది చక్కని నిదర్శనం. దారిని గుర్తుంచుకొనే పనిని పూర్తిగా యంత్రానికి అప్పగించినవాడు ఊరిని చూడడు, తెరను మాత్రమే చూస్తాడు. బ్యాటరీ అయిపోయిన క్షణాన తన వీధి మలుపే అతనికి అపరిచితమవుతుంది.

కావున ఉపగ్రహాన్ని తోడుగా తీసుకోవాలి గాని, కళ్లకు బదులుగా కాదు. వెళ్లేటప్పుడు దాని మాట విన్నా, వచ్చేటప్పుడు చెరువుగట్టును, రావిచెట్టును, గుడిగోపురాన్ని గుర్తుపెట్టుకొని మరలడం మంచి అలవాటు. స్థానమెక్కడో యంత్రం చెబుతుంది. ఆ చోటు ఎటువంటిదో మనిషి మాత్రమే తెలుసుకోగలడు.

ప్రశ్నలు

1. ఉపగ్రహ సంకేతాల ద్వారా స్థానాన్ని ఎట్లు నిర్ణయిస్తారో వివరించండి.
2. మత్స్యకారులకు ఈ విద్య ఏ విధంగా తోడ్పడుతున్నది?
3. ‘జియోకాషింగ్’ క్రీడ పుట్టుకను, నియమాలను తెలుపండి.
4. "ఉపగ్రహాన్ని తోడుగా తీసుకోవాలి గాని, కళ్లకు బదులుగా కాదు." ఈ వాక్యాన్ని సమర్థిస్తూ వ్రాయండి.