పెట్రోలు కారా, డీజిల్ కారా? నెల తిరుగుడే తేల్చే లెక్క

కొత్త కారు కొనాలనుకున్న కుటుంబంలో రంగు, సీట్లు, కంపెనీ పేరు గురించి చర్చ ముగిశాక, "డీజిల్ బండి అయితే ఖర్చు కలిసివస్తుంది" అని ఒకరైనా అంటారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఈ మాటకు పలుకుబడి ఎక్కువ. ట్రాక్టరుకు డీజిల్, వరికోత మిషనుకు డీజిల్, కరెంటు రాక మునుపు బావి మీద ఆడిన ఆయిల్ ఇంజనుకు డీజిల్. సేద్యంలో గిట్టుబాటైన ఇంధనం ఇంటి కారుకు కూడా గిట్టుబాటవుతుందని అనుకోవడం సహజమే. అయితే ట్రాక్టరు పనిచేసి సంపాదిస్తుంది, ఇంటి కారు వారంలో అయిదు రోజులు నీడన నిలబడి ఉంటుంది. లెక్కలో తేడా ఇక్కడే మొదలవుతుంది.

పాత నమ్మకం ఎక్కడిది?

డీజిల్ చవక అన్న మాట ఒకప్పుడు నూటికి నూరుపాళ్లు నిజం. ప్రభుత్వం పెట్రోలు ధరపై నియంత్రణను 2010 జూన్‌లో ఎత్తివేసినా, రవాణా, సేద్యం దృష్ట్యా డీజిల్ ధరను మాత్రం అదుపులో ఉంచింది. ఫలితంగా రెండింటి మధ్య అంతరం పెరుగుతూ పోయింది. 2012 మే 24 నాటికి ఢిల్లీలో పెట్రోలు లీటరు 73.18 రూపాయలు కాగా, డీజిల్ 40.91 రూపాయలే. లీటరుకు 32 రూపాయల పైచిలుకు తేడా అన్నమాట. ఆ రోజుల్లో దేశంలో అమ్ముడుపోయే కార్లలో సగానికి పైగా డీజిల్‌వే కావడంలో వింత లేదు.

2014 అక్టోబరులో డీజిల్ ధరను కూడా మార్కెట్టుకు వదిలారు. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా రెండింటి ధరలను రోజువారీగా సవరించే పద్ధతి వచ్చింది. 2020 జూన్ 24న ఢిల్లీలో డీజిల్ ధర పెట్రోలు ధరను మించిపోవడం కూడా జరిగింది. 2024 మార్చి 15 నాటి రెండు రూపాయల తగ్గింపు తర్వాత హైదరాబాదులో పెట్రోలు 107 రూపాయలకు, డీజిల్ 95 రూపాయలకు పైన నిలిచాయి. అంటే అంతరం 32 నుంచి 12 రూపాయలకు కుదించుకుపోయింది. ఆ 12 రూపాయలు కూడా చాలావరకు పన్ను పుణ్యమే. తెలంగాణలో వ్యాట్ పెట్రోలుపై 35.20 శాతం, డీజిల్‌పై 27 శాతం. ప్రభుత్వం పన్ను మార్చిననాడు ఈ అంతరం కూడా మారుతుందని కొనుగోలుదారు గుర్తుంచుకోవాలి.

డీజిల్ ఎందుకు ఎక్కువ దూరం లాగుతుంది?

ధర సంగతి అటుంచితే డీజిల్ ఇంజనుకు సహజంగా ఉన్న మేలు ఒకటున్నది. పెట్రోలు ఇంజను గాలిని దాదాపు పదోవంతు జాగాలోకి నొక్కి, ప్లగ్గు నిప్పురవ్వతో మండిస్తుంది. డీజిల్ ఇంజను సుమారు పదహారోవంతు జాగాలోకి నొక్కి, ఆ వేడితోనే మండిస్తుంది. నొక్కుడు ఎంత ఎక్కువైతే ఇంధనం నుంచి రాబట్టే పని అంత ఎక్కువ. దీనికి తోడు లీటరు డీజిల్‌లో లీటరు పెట్రోలు కన్నా పదోవంతు పైచిలుకు శక్తి హెచ్చుగా ఉంటుంది. నిండా మనుషులతో శ్రీశైలం ఘాటు ఎక్కేటప్పుడు డీజిల్ బండి తడబడకుండా లాగడం అందరికీ అనుభవమే.

పెట్రోలు విషయంలో ఇంకొక కొత్త సంగతి ఉన్నది. 2025 నాటికి దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం సాధారణమైంది. చెరకు, బియ్యం, మొక్కజొన్న నుంచి తీసే ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. కనుక మైలేజీ కొంత తగ్గుతుంది. మొక్కజొన్న రైతుకు గిరాకీ తెచ్చిన విధానమే కారు యజమానికి లీటరు మీద కొద్దిపాటి కోత పెడుతున్నది. కంపెనీ కాగితం మీద వేసిన మైలేజీని కాక, అదే బండిని ఈ రోడ్ల మీద నడుపుతున్నవారు చెప్పే మైలేజీని లెక్కకు తీసుకోవడం మంచిది.

లెక్క వేసే తీరు

ఒకే కంపెనీ, ఒకే మోడలు కారు రెండు ఇంజన్లతో దొరుకుతున్నదనుకుందాము. సులువు కోసం పెట్రోలు 108 రూపాయలు, డీజిల్ 96 రూపాయలు అనుకుందాము. పెట్రోలు బండి లీటరుకు 15 కిలోమీటర్లు, డీజిల్ బండి 20 కిలోమీటర్లు ఇస్తాయనుకుంటే,

పెట్రోలు ఖర్చు కిలోమీటరుకు: 7 రూపాయల 20 పైసలు.
డీజిల్ ఖర్చు కిలోమీటరుకు: 4 రూపాయల 80 పైసలు.
మిగులు: 2 రూపాయల 40 పైసలు.

ఈ మిగులును చూసి సంతోషించే ముందు, దానికోసం ముందుగా చెల్లించేది ఎంతో చూడాలి. అయిదేళ్ల కాలానికి నమూనా లెక్క ఇది.

డీజిల్ బండికి షోరూము ధరలో అదనం: 1,25,000 రూపాయలు.
జీవిత పన్ను, బీమాలో అదనం: 25,000 రూపాయలు.
ఈ లక్షన్నరపై బ్యాంకు వడ్డీ, 9 శాతం చొప్పున అయిదేళ్ల వాయిదాలలో: సుమారు 37,000 రూపాయలు.
సర్వీసింగులో అదనం, ఏటా 3,000 చొప్పున: 15,000 రూపాయలు.
మొత్తం అదనం: 2,02,000 రూపాయలు.
అయిదేళ్ల తర్వాత అమ్మితే డీజిల్ బండికి హెచ్చుగా పలికేది: 40,000 రూపాయలు.
నికర అదనం: 1,62,000 రూపాయలు.

ఈ 1,62,000ను 2 రూపాయల 40 పైసలతో భాగిస్తే 67,500 కిలోమీటర్లు వస్తుంది. అంటే అయిదేళ్లలో, నెలకు 1,125 కిలోమీటర్లు తిరిగితే గాని రెండు బండ్లూ సరిసమానం కావు. అంతకు తక్కువ తిరిగేవారికి పెట్రోలు, ఎక్కువ తిరిగేవారికి డీజిల్ లాభం. డబ్బు నగదుగా కట్టేవారు వడ్డీ తమకు లేదనుకోరాదు. ఆ సొమ్ము డిపాజిట్టులో ఉంటే వచ్చే వడ్డీ పోయినట్టే.

రెండు కుటుంబాలు

దేవరకొండలో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైన ఒక కుటుంబాన్ని ఊహించుకుందాము. బడికి, బజారుకు, నెలకొకటి రెండుసార్లు హైదరాబాదుకు కలిపి వారి తిరుగుడు 700 కిలోమీటర్లు. అయిదేళ్లలో 42,000 కిలోమీటర్లు. డీజిల్‌పై మిగిలేది 1,00,800 రూపాయలు. అదనపు ఖర్చు 1,62,000. డీజిల్ బండి కొంటే ఈ కుటుంబానికి 61,200 రూపాయల నష్టం. పంపు దగ్గర ప్రతిసారీ చవకగా కనిపించే బండి, మొత్తం మీద నష్టం మిగిల్చిందన్నమాట.

రెండవది గద్వాల ప్రాంతపు పత్తి సీడు ఆర్గనైజరు కుటుంబం. సీజనులో ఊరూరా తిరగాలి, కర్నూలు, రాయచూరు, హైదరాబాదు వెళ్లిరావాలి. నెల సగటు 2,200 కిలోమీటర్లు. అయిదేళ్లలో 1,32,000 కిలోమీటర్లు. డీజిల్‌పై మిగిలేది 3,16,800 రూపాయలు. అదనపు ఖర్చు పోగా నికర లాభం 1,54,800. ఈ కుటుంబానికి డీజిలే తగినది.

నల్లగొండ నుంచి గాని, మహబూబ్‌నగర్ నుంచి గాని హైదరాబాదుకు సుమారు 100 కిలోమీటర్లు. వారానికొకసారి వెళ్లివచ్చేవారి తిరుగుడు నెలకు 860 కిలోమీటర్లకు వస్తుంది. ఇంటి పనులు కలిస్తే సరిగ్గా హద్దు మీద నిలుస్తారు. ఇటువంటివారు తమ అంకెలతో లెక్క మరొకసారి వేసుకోవాలి.

అప్పు ఎక్కడ పుట్టింది?

ఈ లెక్కలో చాలామంది మరిచేది వడ్డీ. బ్యాంకు తొమ్మిది శాతం స్థానంలో, అదనపు లక్షన్నరను ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకుందాము. నెలకు 3,000 రూపాయల వడ్డీ. దానిని తీర్చడానికే నెలకు 1,250 కిలోమీటర్లు తిరగాలి. అసలు అలాగే ఉంటుంది. అయిదేళ్లు ఇదే తీరున నడిస్తే వడ్డీయే 1,80,000. అప్పుడు నికర అదనం 3,05,000కు చేరుతుంది. నెలకు 2,200 కిలోమీటర్లు తిరిగే ఆర్గనైజరుకు కూడా మిగిలేది 11,800 రూపాయలు మాత్రమే. ధాన్యం డబ్బు రాగానే తీరుద్దామనుకుని తెచ్చిన చేబదులు, ఒక కారు వానకు పంట పోతే ఎట్లా మారుతుందో ఈ జిల్లాల రైతులకు చెప్పనవసరం లేదు. హెచ్చు వడ్డీ అప్పుతో డీజిల్ బండి కొనడం కన్నా, చేతిలో ఉన్నదానికి తగిన పెట్రోలు బండి కొనడమే క్షేమం.

పన్ను మెట్టు

జీవిత పన్ను షోరూము ధరను బట్టి మెట్లు మెట్లుగా ఉంటుంది. తెలంగాణలో 2022 మేలో అయిదు లక్షలు దాటి పది లక్షల లోపు ఉన్న కారుకు 14 శాతం, పది లక్షలు దాటి ఇరవై లక్షల లోపైతే 17 శాతం రేటు వచ్చింది. ఆ రేట్లతో 9,50,000 పెట్రోలు బండికి పన్ను 1,33,000. అదే మోడలు డీజిల్ 10,75,000 అయితే పన్ను 1,82,750. ఒక మెట్టు దాటినందుకు దాదాపు 50,000 తేడా. రేట్లు సవరణకు లోనవుతుంటాయి కనుక, కొనేనాటి మెట్టు ఏదో ముందే కనుక్కోవాలి.

కేంద్ర పన్ను మాత్రం కొంత సమమైంది. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లకు మించని కార్లలో 1,200 సీసీ వరకు పెట్రోలు, 1,500 సీసీ వరకు డీజిల్ బండ్లకు జీఎస్టీ ఒకే రీతిగా 18 శాతం. అంతకు ముందు చిన్న డీజిల్ బండ్లపై సెస్సు రెండు శాతం హెచ్చుగా ఉండేది.

పొగగొట్టంలో జాలీ

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు అమలులోకి వచ్చాక డీజిల్ బండి పొగగొట్టంలో మసిని పట్టే జాలీ తప్పనిసరైంది. పట్టిన మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా వేగంగా నడవాలి. చౌటుప్పల్, నకిరేకల్ మీదుగా విజయవాడ రోడ్డున, జడ్చర్ల, కొత్తకోట మీదుగా బెంగుళూరు రోడ్డున నడిచే బండికి ఇబ్బంది లేదు. కాని నల్లగొండ గడియారం చౌరస్తా నుంచి బడికి, బడి నుంచి ఇంటికి రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండిలో మసి పేరుకుపోతుంది. జాలీ మార్చవలసి వస్తే అయిదేళ్ల మిగులు ఒక్కనాటితో పోవచ్చును. కొన్ని డీజిల్ బండ్లకు యూరియా ద్రావణం కూడా పోయాలి. అది ప్రత్యేకంగా తయారైన సరుకు. పొలానికి చల్లే యూరియాను నీళ్లలో కలిపి పోయరాదు.

ఈ నిబంధనల ఖర్చు భరించలేకనే మారుతి సుజుకి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లను మానుకున్నది. చిన్న కార్లలో డీజిల్ దాదాపు కనుమరుగై, పెద్ద బండ్లకే పరిమితమైంది. కనుక చిన్న కారు చాలునన్న కుటుంబానికి ఈ సందేహమే లేదు. డీజిల్ కోసమని అవసరానికి మించిన పెద్ద బండి కొనడం, తాడు దొరికిందని ఎద్దును కొన్నట్టు అవుతుంది.

సరిహద్దు, సెకండ్ హ్యాండ్

మక్తల్, నారాయణపేట, గద్వాల ప్రాంతాలవారు రాయచూరు వైపు వెళ్లినప్పుడు కర్ణాటకలో ఇంధనం కొంత చవకగా ఉండడం గమనించే ఉంటారు. కోదాడ దాటి ఆంధ్రప్రదేశ్‌లోకి వెళితే కొన్నేళ్లుగా దీనికి విరుద్ధం. పనిమీద వెళ్లినప్పుడు నింపుకోవడం లాభమే గాని, చవకకోసమే అంతదూరం వెళితే ఆదా అంతా దారిలోనే కాలిపోతుంది.

మళ్లీ అమ్మేటప్పటి ధరపై కూడా అతిగా ఆశ పెట్టుకోరాదు. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను తిరగనీయరాదన్న ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. అది తెలంగాణకు వర్తించదు, తర్వాత దానిపై మార్పులూ వచ్చాయి. అయినా రేపటి కొనుగోలుదారు మనసులో ఆ జంకు ఉంటుంది. పై లెక్కలో 40,000 రాకపోతే, సమానమయ్యే హద్దు నెలకు 1,125 నుంచి సుమారు 1,400 కిలోమీటర్లకు జరుగుతుంది. పెట్రోలు బండి 15కు బదులు 17 కిలోమీటర్లు ఇస్తే మిగులు 1 రూపాయి 55 పైసలకు పడిపోయి, హద్దు 1,740 దాటుతుంది. ముడి చమురు తేజీలో ఉండి రెండు ధరలూ పెరిగితే మాత్రం కిలోమీటరు మిగులు పెరిగి డీజిల్‌కు అనుకూలమవుతుంది.

కొనేముందు

షోరూముకు వెళ్లే ముందు మూడు నెలల పాటు ఇంటిల్లిపాది ప్రయాణాలను ఒక కాగితం మీద రాసుకోవడం మంచిది. బస్సులో వెళ్లినవాటిలో కారులో వెళ్లదగినవి ఏవో గుర్తించాలి. పెళ్లిళ్లు, యాత్రలు ఉన్న నెలను సగటుగా తీసుకోరాదు. వచ్చిన అంకె నెలకు వెయ్యి కిలోమీటర్లకు లోపైతే పెట్రోలు, పదిహేను వందలు దాటి అందులో ఎక్కువ భాగం పెద్ద రోడ్డు మీదైతే డీజిల్. మధ్యన ఉన్నవారు తమ బండి ధర, తమ వడ్డీ, తమ మైలేజీ వేసి భాగహారం చేసుకోవాలి. పొరుగువారి బండి వారి తిరుగుడుకు తగినది. మన ఇంటి తిరుగుడు ఎంతో మన కాగితమే చెప్పగలదు.