బొమ్మ కప్పుతుంది, శబ్దం కలిసిపోతుంది

ప్రశ్న: మా అత్తగారి వంటల వీడియోలు ఫోన్‌లోనే ఎడిట్ చేస్తున్నాను. వీడియో మీద లోగో, అక్షరాలు వేసి, ఆవిడ మాటలు, పోపు చప్పుడు, వెనక సంగీతం కలుపుతున్నాను. చూసినవాళ్లంతా మాటలు వినపడటం లేదంటున్నారు. సంగీతం లేయర్‌ను ఎటు జరిపినా తేడా లేదు. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: జరిపితే తేడా రాదండీ. టైమ్‌లైన్ మీద బొమ్మల లేయర్లూ శబ్దాల లేయర్లూ ఒకేలాంటి పట్టీలుగా కనిపిస్తాయి గానీ, వాటి స్వభావం వేరు. బొమ్మలో ముందున్నది వెనకదాన్ని కప్పేస్తుంది. శబ్దంలో ముందూ వెనకా లేవు. ఎన్ని ట్రాక్‌లున్నా అన్నీ కూడుకుని ఒకే ధారగా స్పీకర్‌లోకి వస్తాయి. ఒకే స్థాయిలో ఉన్న రెండు వేర్వేరు శబ్దాలు కలిస్తే మొత్తం సుమారు 3 డెసిబెళ్లు పెరుగుతుంది. డిజిటల్ ఆడియోకి 0 డెసిబెల్ పైకప్పు. దాన్ని దాటిన భాగం తెగిపోయి గరగరమంటుంది. అందుకే గొంతును ఇంకా ఇంకా పెంచడం మందు కాదు, మిగతావాటిని తగ్గించాలి.

ఎంత తగ్గించాలన్నదానికి ఒక మంచి కొలత ఉంది. వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండేందుకు వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2008లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, వెనక శబ్దం మాటకన్నా కనీసం 20 డెసిబెళ్లు తక్కువ ఉండాలన్నారు. వినికిడి తగ్గినవారిని దృష్టిలో పెట్టుకుని రాసిన మాట అది. మీ వీడియోలు చూసేవాళ్లలో పెద్దవాళ్లు ఉండరా? యాప్ శాతాల్లో చూపిస్తే గొంతును 100 దగ్గర ఉంచి, సంగీతాన్ని 10 దగ్గర మొదలుపెట్టి చెవితో సరిచూసుకోండి. రెండింటికీ ఒకే అంకె పెడితే సమానమవుతాయనుకోవద్దు. సంగీతం ఫైళ్లు సాధారణంగా ముందే గట్టిగా తయారై వస్తాయి, ఫోన్‌లో పట్టిన గొంతు అలా ఉండదు.

అంత తగ్గిస్తే వీడియో బోసిపోతుందని మీరు అనవచ్చు. మాట ఉన్నంతసేపూ సంగీతం కావాలనుకుంటేనే ఆ చిక్కు. ఆవిడ గోంగూర కడిగి ఆరబెట్టే చోట మాట లేదు కదా, అక్కడ సంగీతాన్ని లేపండి. మళ్లీ మాట మొదలయ్యేముందు దించండి. యాప్‌లో దానంతటదే దించే సదుపాయం లేకపోతే సంగీతం క్లిప్‌ను అక్కడ ముక్క చేసి, ఆ ముక్క వాల్యూమ్ తగ్గిస్తే చాలు. పోపు సంగతి ఇంకా సున్నితమైనది. ఆవాల చిటపటా, ఆవిడ పలికే స, శ, చ లాంటి అక్షరాలూ ఎక్కువగా పై స్థాయి ధ్వనుల్లోనే ఉంటాయి, ఒకదాన్నొకటి మింగేస్తాయి. వీడియో నుంచి ఆడియోను విడదీసి పోపును వేరే ట్రాక్‌లో పెట్టండి. నూనెలో ఆవాలు పడ్డాక రెండు మూడు సెకన్లు మాటా సంగీతమూ ఆపేసి ఆ చప్పుడొక్కటే విననివ్వండి. దాని ముందు ఏ పాటైనా దిగదుడుపే. ఎండుమిర్చి ఎన్ని వేయాలో ఆవిడ చెప్పే మాట ఆ తర్వాత రావాలి.

హెడ్‌ఫోన్లలో అన్నీ విడివిడిగా వినిపిస్తున్నాయనేది ఇంకో అభ్యంతరం. మీ వీడియో చూసే ఆవిడ ఫోన్‌ను గట్టు మీద ఆనించి, పక్కన కుక్కర్ కూస్తుండగా చూస్తుంది. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్‌ను మీరూ అలాగే, వంటింట్లో, ఫోన్ స్పీకర్ మీద, తెర వైపు చూడకుండా ఒకసారి వినండి. ఉప్పు ఎంతో అర్థం కాకపోతే సంగీతాన్ని ఇంకో మెట్టు దించండి.