జంతు వంశవృక్షం: ముందు విడిపోయింది ఎవరు?

జంతువుల్లో అన్నిటికంటే ముందు వేరుపడిన శాఖ స్పంజికలదేనని చాలాకాలం చదువుకున్నాం. నాడులు, కండరాలు లేని శరీరం కాబట్టి అది సబబుగానే తోచింది. 2008లో జన్యుక్రమాల పోలిక మరో పేరు ముందుకు తెచ్చింది: టీనోఫోరా. ఎనిమిది వరుసల కంకత ఫలకాలతో ఈదే ఈ సముద్రజీవులకు నాడులూ ఉన్నాయి!

2023లో ‘నేచర్’ అధ్యయనం క్రోమోజోములపై జన్యువులు ఎలా గుంపులు కట్టాయో చూసింది. జంతువుల ఏకకణ బంధువుల్లో విడిగా ఉన్న కొన్ని గుంపులు టీనోఫోరాలోనూ విడిగానే ఉన్నాయి. స్పంజికలు సహా మిగతా జంతువుల్లో కలగలిసిపోయాయి. అలా కలిసినవి మళ్లీ పాత గుంపులుగా విడిపోవడం దాదాపు అసాధ్యం. కాబట్టి ఆ కలయికకు ముందే టీనోఫోరా వేరుపడిందన్నది ఈ అధ్యయనం వాదన. శాస్త్రవేత్తల్లో చర్చ మాత్రం ముగియలేదు.