పార కుడిచేతిలోనే ఎందుకుండాలి?

ప్రశ్నలు – జవాబులు

వానలు వెనకబడ్డాయి, గట్ల మీద కాలు నిలుస్తోంది. అందుకేనేమో ఈసారి ఉత్తరాల్లో సగం శ్రమదానం గురించే ఉన్నాయి. ముప్పై ఏళ్ళు బళ్ళో డ్రిల్లు మాస్టారుగా విజిల్ ఊదినవాణ్ణి. నాకు తెలిసినంతలో చెబుతాను.

ప్రశ్న: నా వయసు 46. బ్యాంకు ఉద్యోగం, పొద్దస్తమానం కుర్చీలోనే. మా కాలనీ కుర్రాళ్ళు ఆదివారాలు చెరువులో గుర్రపుడెక్క తీస్తుంటే రెండు వారాలుగా నేనూ వెళ్తున్నాను. రెండు గంటల పని. జిమ్ మానేసి దీన్నే వ్యాయామం అనుకోవచ్చా? ఇంకో సంగతి, వెళ్ళొచ్చిన మర్నాటి నుంచి బుధవారం దాకా నడుం పట్టేస్తోంది, అదీ ఒకవైపే. (హనుమకొండ)

జవాబు: ముందు నడుం సంగతి. ఆరు రోజులు కుర్చీకి అతుక్కున్న ఒళ్ళు ఏడో రోజు పార పడితే ఊరుకుంటుందా? అలవాటు లేని పని చేశాక కండరాలు మర్నాడు నొప్పెట్టడం, రెండు మూడు రోజులకు సర్దుకోవడం మామూలే. నాలుగడుగులు వేస్తే సడలే నొప్పయితే బెంగ లేదు. పిరుదు మీదుగా కాల్లోకి జారినా, తిమ్మిరెక్కినా మాత్రం నా జవాబు కోసం ఆగొద్దు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఒకవైపే అన్నారు కదా, కిటుకు అక్కడే ఉంది. పార ఎప్పుడూ ఒకే వాటంగా పట్టి, కాళ్ళు కదపకుండా నడుం ఒక్కటే తిప్పి విసురుతున్నారని నా అనుమానం. ఇరవై విసుర్లకోసారి చెయ్యి మార్చండి. మొదట్లో ఎడమ వాటం ఎబ్బెట్టుగానే ఉంటుంది, సగం చెత్త గమేళా బయటే పడుతుంది, కుర్రాళ్ళు నవ్వుతారు. నవ్వనీయండి. బరువుతో తిరగాల్సొస్తే పాదాలతో సహా మనిషంతా తిరగాలి. గమేళా ఎత్తేటప్పుడు మోకాళ్ళు వంచి, దాన్ని పొట్టకు దగ్గరగా తెచ్చుకుని లేవండి. ఉపాధి పనిలో మట్టి మోసేవాళ్ళను ఓ పావుగంట నిలబడి చూడండి. తట్ట నింపేది ఒకరు, తలకెత్తేది ఇద్దరు. వీరావేశంతో నిండు గమేళా ఒంటిచేత్తో లేపేది మనలాంటి ఆదివారం కూలీలే.

నేనూ తిన్నాను ఆ దెబ్బ. ఒకేడు బళ్ళో మొక్కలకు గుంతలు తవ్వుతుంటే నాలుగో గుంతకే నా అరచేతులు బొబ్బలెక్కాయి. పక్కన తవ్వుతున్న ఎనిమిదో తరగతి పిల్లాడు కాసేపు చూసి, ‘‘పిడి అంత బిగించి పట్టకూడదు సార్, దిగేటప్పుడు కాస్త వదలాలి’’ అన్నాడు. వాళ్ళ నాన్నతో పొలం పనికి వెళ్ళేవాడు. ఆ రోజుకి మాస్టారు వాడే.

గుర్రపుడెక్కలో నూటికి తొంభై పాళ్ళకు పైగా నీళ్ళే. లాగిన పచ్చి మొక్కను అప్పటికప్పుడు ట్రాక్టరుకెక్కిస్తే మీరు మోసేది నీళ్ళు. మళ్ళీ నీళ్ళు అందనంత ఎత్తున గట్టు మీద పరిచి, ఎండనిచ్చి వచ్చే ఆదివారం ఎత్తండి, నడుములకు సుఖం. నీటి అంచునే వదిలేస్తే మాత్రం మళ్ళీ చిగురేసి చెరువెక్కుతుంది. చేతులకు రబ్బరు తొడుగులు, కాళ్ళకు గమ్‌బూట్లు తప్పవు. ఎలుకల మూత్రం కలిసిన నీరు పుండ్లకు తగిలితే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వచ్చే ప్రమాదముంది. టీటీ ఇంజెక్షన్ చేయించుకుని పదేళ్ళు దాటిందేమో కూడా చూసుకోండి.

ఇక జిమ్. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు చెప్పే లెక్క వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, కండరాలకు పనిచెప్పే వ్యాయామం కనీసం రెండు రోజులు. మీ రెండు గంటల్లో ఫొటోలూ, టీలూ, ఎవరి కారు ఎక్కడ పెట్టాలన్న చర్చా తీసేస్తే గంటంబావు మిగులుతుందేమో! ఆదివారం ఒక్కటీ చాలదు. వారంలో నాలుగు రోజులు అరగంట చొప్పున బిరబిరా నడవండి. మరో రెండు రోజులు గుంజీళ్ళూ, గోడకు చేతులాన్చి తీసే దండాలూ చాలు. జిమ్‌కు డబ్బు కట్టేసి ఉంటే మానడమెందుకు, ఆదివారం పార పట్టడానికి ఒంటిని అక్కడే సిద్ధం చేసుకోండి.

ప్రశ్న: షుగర్ ఉంది, రోజూ ఇన్సులిన్ తీసుకుంటాను. పొద్దున్నే పరగడుపున శ్రమదానానికి వెళితే షుగర్ బాగా దిగుతుందని మా బావగారు అంటున్నారు. నిజమేనా? (ఒంగోలు)

జవాబు: దిగుతుంది, దిగకూడనంత దిగుతుంది! మీ బావగారి మాట వినకండి. ఇన్సులిన్ తీసుకునేవారు పరగడుపున పార పట్టకూడదు. డోసు, తిండి ఎలా సర్దుకోవాలో ముందుగా మీ డాక్టరునే అడగండి. షుగర్ పడిపోతే చెమటలు, వణుకు, నీరసం వస్తాయి. కానీ గట్టు మీద అందరికీ చెమటలే, అందరికీ నీరసమే. ఇది ఎండ వల్లా, షుగర్ వల్లా అన్నది మీకే తెలీదు, పక్కవాళ్ళకేం తెలుస్తుంది? కాబట్టి జేబులో గ్లూకోజ్ పొట్లం, కలిసి పనిచేసే ఒక్కరికైనా మీ సంగతి తెలిసి ఉండటం, రెండూ కావాలి. ఒక్కోసారి పని ముగిసిన కొన్ని గంటలకు కూడా షుగర్ పడుతుంది, ఇంటికొచ్చాక ఓసారి చూసుకోండి. గట్టి బూట్లు లేకుండా మాత్రం అడుగు పెట్టొద్దు. సర్కారు తుమ్మ ముల్లు హవాయి చెప్పును చీల్చుకుని దిగుతుంది, పాదాల్లో స్పర్శ తగ్గినవారికి దిగినట్టే తెలీదు.

ప్రశ్న: మా ఆఫీసు కుర్రాళ్ళం నెక్లెస్ రోడ్డులో ప్లాగింగ్ చేస్తున్నాం. కిలోమీటరుకు ఎన్ని కేలరీలు కరుగుతాయి? (హైదరాబాద్)

జవాబు: మీ బరువు రాయలేదు, వేగం రాయలేదు, ఎంత చెత్త ఏరారో అసలే రాయలేదు తమ్ముడూ! ప్లాగింగ్ 2016లో స్వీడన్లో మొదలైన అలవాటు. పరుగెత్తుతూ, దారిలో చెత్త ఏరుతూ పోవడమే. దాని లాభమంతా వంగి లేవడంలో ఉంది. వంగినప్పుడల్లా నడుం కాకుండా మోకాళ్ళు వంచండి, సంచిని ఒకసారి కుడిచేత, ఒకసారి ఎడమచేత పట్టండి. గాజుపెంకులూ సూదులూ చేత్తో ముట్టొద్దు, పట్టకారు వాడండి. కేలరీల లెక్క వాచీకి వదిలేసి సంచులు లెక్కపెట్టండి.

ప్రశ్న: రోడ్డు పక్కన వయ్యారిభామ పీకుతున్నాం. మా ఆవిడకు ఒకటే తుమ్ములు, దద్దుర్లు. (కర్నూలు)

జవాబు: ఆవిణ్ణి ఆ పనిలోంచి తప్పించండి. ఉబ్బసం ఉన్నవాళ్ళు అసలు దగ్గరికి పోకూడదు. తక్కినవాళ్ళు కూడా వాన పడి నేల మెత్తబడ్డప్పుడు, పూత రాకముందే, తొడుగులు వేసుకుని వేళ్ళతో సహా పీకండి. పూశాక పీకితే పుప్పొడి మీ ముక్కుల్లోకే వస్తుంది.

ప్రశ్న: అమ్మాయి కాన్పుకని ఇంగ్లండ్‌లోని రెడింగ్ వచ్చాను. ఆరు నెలలుంటాను. ఇక్కడ నడుద్దామంటే తోడు లేదు, మాట్లాడుదామంటే మనిషి లేడు. (రెడింగ్)

జవాబు: మీరున్న చోటికి దగ్గర్లోనే సోనింగ్ కామన్ అనే ఊరుందమ్మా. డాక్టర్ విలియం బర్డ్ 1990ల చివర్లో ‘గ్రీన్ జిమ్’ మొదలుపెట్టింది ఆ ఊళ్ళోనే. జిమ్‌కు పొమ్మంటే పోని మనుషులను కంచెలు సవరించడానికీ, పొదలు నరకడానికీ పిలిచారు. పని ముందు ఒళ్ళు వెచ్చబరచుకునే కసరత్తు, చివర్లో సడలించుకునేది. నాకు అందులో నచ్చింది ఈ వరసే, మనవాళ్ళు ఆ రెండూ ఎగ్గొట్టి నేరుగా పార పడతారు. మధ్యలో టీ విరామం కూడా ఉంటుంది, మీకు కావలసింది అదే కదా! మీ చుట్టుపక్కల అలాంటి బృందం ఏదుందో అమ్మాయిని కనుక్కోమనండి. వీసా మీద వచ్చినవాళ్ళకు ఇలాంటి పనుల్లో షరతులేమైనా ఉన్నాయేమో కూడా చూడమనండి.

ప్రశ్న: నాకు 61 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. మా వీధిలో జులైలో నలభై మొక్కలు నాటారు. ‘నువ్వు కూర్చోమ్మా’ అని పిల్లలు నన్ను దగ్గరికి రానివ్వలేదు. నాకేమైనా పని ఉందా మాస్టారూ? (రాజమహేంద్రవరం)

జవాబు: అసలు పని మీకే మిగిలిందమ్మా. నాటడం ఒక్కపూట ముచ్చట, వచ్చే ఏప్రిల్ ఎండలకు నీళ్ళెవరు పోస్తారు? ఖమ్మం దగ్గరి రెడ్డిపల్లిలో వనజీవి రామయ్యగారు సైకిల్ మీద విత్తనాలూ మొక్కలూ వేసుకుని ఏళ్ళ తరబడి తిరిగారు. 2017లో పద్మశ్రీ ఇచ్చింది ఒక్కరోజు నాటినందుకు కాదు.

ఆ నలభైలో మీ గుమ్మానికి దగ్గరగా ఉన్న ఎనిమిదింటిని మీవి అనుకోండి. పది లీటర్ల బకెట్టు ఒంటిచేత్తో మోయకండి, ఒళ్ళు ఒకపక్కకు ఒరుగుతుంది. మూడేసి లీటర్ల నీళ్ళతో రెండు డబ్బాలు, చేతికొకటి పట్టుకోండి. అలవాటయ్యాక పెంచవచ్చు. గొంతుక్కూర్చోవద్దు. మోకాలెత్తు స్టూలు ఒకటి వెంట తీసుకెళ్ళి, కూర్చుని పాదు సవరించండి, ఎండాకులు కప్పండి. లేచేటప్పుడు చేతులు ఆనించకుండా నిదానంగా లేచే ప్రయత్నం చేయండి. ఎనిమిది మొక్కలంటే ఎనిమిది సార్లు. తొడ కండరాలు గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. ఫిజియోథెరపిస్టులు చేయించేదీ దాదాపు ఇదే, కాకపోతే అక్కడ మొక్క ఉండదు. మోకాలు వాచి, వేడిగా ఉన్న రోజున మానేసి డాక్టరుకు చూపించండి.

స్టూలు ప్లాస్టిక్‌ది తీసుకోండమ్మా, చెక్కది తడిస్తే బరువెక్కుతుంది.