ఇత్తడి బిందె నుంచి మర్రి నీడ దాకా

మొన్న శనివారం సాయంత్రం మా ఇంట్లో జరిగిన ముచ్చట చెప్తాను వినండి అక్కచెల్లెళ్ళూ. మా అమ్మ సారెతో పాటు వచ్చిన ఇత్తడి బిందె ఒకటి, మేం ఊళ్ళు మారినప్పుడల్లా మాతోపాటు మారి, ఇప్పుడు కోల్‌కతా భవానీపూర్‌లోని మా వంటింట్లో కూచుంది. దాన్ని చింతపండుతో తోముతుంటే మా చిన్నది వచ్చి అంచు మీద చుక్కల్ని వేళ్ళతో తడిమింది. అవి మా అమ్మమ్మ పేరు కొట్టించిన అక్షరాలు. దానికి బడిలో బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు ఉన్నాయి కానీ తెలుగు లేదు.

బిందె తుడిచి, పల్చటి కాగితం పరిచి, నల్ల క్రేయాన్‌ని అడ్డంగా పట్టుకుని రుద్దమన్నాను. నల్లటి పొర మధ్య అమ్మమ్మ పేరు తెల్లగా తేలింది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి నాచేత చదివించుకుంది. ఎన్ని నెలలుగా పలక ముందు కూచోబెట్టినా రాని అక్షరాలవి!

ఒకప్పుడు ఇంగ్లండులో ఇదొక పెద్ద సరదా. అక్కడి పాత చర్చిల్లో సమాధుల మీద బొమ్మలు చెక్కిన ఇత్తడి రేకులు ఉంటాయి. వాటిమీద కాగితం వేసి నల్ల మైనంతో రుద్ది అచ్చు తీసుకునేవారు. ఇప్పుడు కొన్ని తోటల్లో, అడవి దారుల్లో కొయ్య గుంజలకు పిట్టల, ఆకుల బొమ్మలున్న చిన్న పలకలు బిగిస్తున్నారు. పిల్లలు ఒక్కో గుంజ దగ్గరా ఆగి అచ్చు తీసుకుంటూ దారంతా నడిచేస్తారు. మా దగ్గర అలాంటి గుంజలు లేవు, చెట్లున్నాయి. అందుకే మర్నాడు పులిహోర కట్టుకుని, విద్యాసాగర్ సేతు దాటి, శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్‌కి వెళ్ళాం.

1787లో రాబర్ట్ కిడ్ మొదలుపెట్టిన తోట అది. ఆ తర్వాత దాన్ని చూసుకున్న విలియం రాక్స్‌బర్గ్ 1793లో ఇక్కడికి వచ్చాడు. ఎక్కడినుంచో తెలుసా? మన సామర్లకోట నుంచి! అక్కడ ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా ఉంటూ మొక్కలు పెంచి, మనవాళ్ళు వాటిని ఏమని పిలుస్తారో అడిగి రాసుకున్నాడు. కోరమాండల్ మొక్కల మీద ఆయన వేసిన పుస్తకంలో తెలుగు పేర్లున్నాయి. ఈ మాట చెప్పగానే మా పెద్దాడు ప్రతి ఆకు అచ్చు కిందా తెలుగు పేరు రాయమని పట్టుబట్టాడు. నాకు సగం చెట్ల పేర్లు తెలీవు. అమ్మకి ఫోన్ చేసి ఒక్కోటీ వర్ణించి అడిగాను.

ఆకు అచ్చు తీసేటప్పుడు దాన్ని బోర్లా పెట్టాలి. ఈనెలు వెనకవైపే ఉబ్బి ఉంటాయి. రావి ఆకు అచ్చులో తోకతో సహా వచ్చింది. మర్రాకు దళసరి, దాని ఈనెలు బాగా పలికాయి. బాగా ఎండినవి పొడైపోతాయి, అప్పుడే రాలినవి ఏరుకోవాలి. చెట్టు మీంచి కోయడం మాత్రం మా ఇంట్లో నిషేధం. మహాగని బెరడు మీద కాగితం పరిచి మెల్లగా రుద్దితే ఎండిన చెరువు బీటల్లా వచ్చింది.

ఆ తోటలో మహా మర్రిని మాత్రం చూసి రావాల్సిందే. 250 ఏళ్ళు దాటిన ఆ చెట్టుకి మొదలు లేదు. తుపానులకు దెబ్బతిని, బూజు పట్టి కుళ్ళిపోతే 1925లో తీసేశారు. 3 వేలకు పైగా ఊడలే దాన్ని నిలబెడుతున్నాయి. చుట్టూ కంచె ఉంది, ముట్టుకోలేం. కంచె బయట రాలిన ఆకు ఒకటి దొరికితే చిన్నది దాన్ని పుస్తకంలో దాచుకుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. పార్క్ స్ట్రీట్ పాత సమాధుల దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్ళండి. మన ఊళ్ళ చరిత్ర చెప్పే కైఫీయతులు, శాసనాలు పోగు చేయించిన కాలిన్ మెకంజీ 1821లో చనిపోతే అక్కడే పాతిపెట్టారు. కానీ ఆ రాళ్ళ మీద కాగితం పెట్టి రుద్దనివ్వకండి. పాత రాయి పెళుసు, మనం రుద్దిన కొద్దీ అక్షరం పోతుంది. కళ్ళతో చదివించండి చాలు.

మీ అటక మీద పేరు కొట్టించిన చెంబో గిన్నో ఉందా? పాత ఇత్తడి కింద తూకానికి వేసే ముందు దాన్ని ఒక్కసారి కిందికి దింపి, పిల్లల చేతికి ఓ కాగితం, ఓ క్రేయాన్ ఇవ్వండి.