వరి ముంపునకు పంట బీమా: మొదటి మూడు రోజులలో రైతు చేయవలసిన పని

దివిసీమలోను, బందరు, గుడివాడ ప్రాంతములలోను వరి పండించు రైతునకు నీటి ఎద్దడితోపాటు ముంపు భయము కూడ ఏటేట ఉన్నదే. ఈ భూములు కృష్ణా కాలువల చివర నున్నవి. అందుచేత నాట్లకు నీరు ఆలస్యముగా అందును. నాట్లు ఆలస్యమైనచో వరి ఈనుట, పాలు పోసుకొనుట, కోతకు వచ్చుట సరిగా అక్టోబరు మొదలు డిసెంబరు వరకు, అనగా తుపానుల కాలములో పడును. పై ఊళ్ల మురుగునీరంతయు ఈ పల్లపు చేల ప్రక్కగానే సముద్రమునకు పోవలెను. సముద్రము పోటుమీద నున్నప్పుడు మురుగు కాలువలు లాగవు. మెరక చేను రెండు రోజులలో బయటపడినను, దాని ప్రక్కనున్న పల్లపు చేను వారము దినములు నీటిలోనే ఉండును.

1977 నవంబరు 19వ తేదీ ఉప్పెన సంగతి ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. అంతటి ఘోరము కాకపోయినను, పంటను తీసికొనిపోవు వానలు, వరదలు తరచు వచ్చుచునే ఉన్నవి. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల వద్ద తీరము దాటినప్పుడు కోతకు వచ్చిన వరి నేలకొరిగి నీట మునిగినది. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగినది. అదే సమయమున ప్రకాశం బరాజు నుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద దిగువకు వచ్చినది. 2025 అక్టోబరు 28వ తేదీన మొంథా తుపాను తాకినది.

ఇట్టి ముంపులో ఒక రైతు చేను పోయినప్పుడు, ఆ చేనును విడిగా చూచి పరిహారము ఇచ్చు ఏర్పాటు 2018 నుండి వరికి లేకపోయినది. దానిని తిరిగి చేర్చుచున్నట్లు కేంద్ర వ్యవసాయ శాఖ 2025 నవంబరులో ప్రకటించినది. 2026 సార్వా నుండి ఇది అమలు కావలెనని ఆ ప్రకటన. ఈ నిబంధన ఏమి చెప్పుచున్నది, దానివలన లాభము పొందుటకు రైతు ఏమి చేయవలెను అను సంగతులను ఇచట వివరించుచున్నాము.

ఊరి లెక్క వేరు, చేని లెక్క వేరు

ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన 2016 సార్వాలో ప్రారంభమైనది. ఆంధ్రప్రదేశ్ 2020లో దీనినుండి వెలుపలికి వచ్చి, 2022లో తిరిగి చేరినది. కొంతకాలము రైతు వాటాను కూడ రాష్ట్ర ప్రభుత్వమే చెల్లించినది. 2024–25 దాళ్వా నుండి రైతు తన వాటాను తానే చెల్లించి చేరు పద్ధతి వచ్చినది. సార్వా ఆహార పంటలకు రైతు వాటా బీమా మొత్తములో 2 శాతమునకు, దాళ్వాకు 1½ శాతమునకు మించరాదు. మిగిలిన ప్రీమియమును కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వములు భరించును.

ఈ బీమాలో ముఖ్యమైనది ఊరి లెక్క. గ్రామమును గాని, కొన్ని గ్రామములను కలిపి గాని ఒక ప్రాంతముగా తీసికొందురు. గడచిన 7 సంవత్సరములలో మంచి దిగుబడి వచ్చిన 5 సంవత్సరముల సగటునుబట్టి హామీ దిగుబడిని నిర్ణయింతురు. ఈ ఏడు పంటకోత ప్రయోగములలో వచ్చిన సగటు దానికి తగ్గినచో, ఎంత వంతు తగ్గినదో బీమా మొత్తములో అంత వంతు ఆ ప్రాంతమున బీమా చేసిన రైతులందరికి ఇత్తురు.

ఒక ఉదాహరణ చూతము. ఇవి లెక్క తెలియుటకు అనుకొన్న అంకెలు మాత్రమే. ఎకరమునకు బీమా మొత్తము 40,000 రూపాయలనుకొనుడు. సార్వాలో రైతు కట్టవలసినది 800 రూపాయలు. హామీ దిగుబడి 20 బస్తాలు. ఊరి సగటు 15 బస్తాలే వచ్చినచో తగ్గినది 5 బస్తాలు, అనగా నాలుగవ వంతు. కావున ఎకరమునకు 10,000 రూపాయలు వచ్చును. కాని ఊరి సగటు 21 బస్తాలు వచ్చినదనుకొనుడు. అప్పుడు డ్రైను ప్రక్కన పల్లములో మునిగి 4 బస్తాలే పండిన రైతునకు కూడ ఈ లెక్క ప్రకారము ఒక్క రూపాయియు రాదు. మెరక చేల దిగుబడి అతని నష్టమును కప్పివేయును.

ఈ లోపమును తీర్చుటకే స్థానిక విపత్తు అను రెండవ లెక్క ఉన్నది. వడగండ్లు, కొండచరియలు విరిగిపడుట, ముంపు, కుంభవృష్టి, పిడుగుపాటువలన కలిగిన మంట, వీనివలన ఒక రైతు చేను దెబ్బతిన్నచో ఆ చేనునే వచ్చి చూచి నష్టమును నిర్ణయింతురు. అయితే 2018లో సవరించిన నిబంధనలలో వరి, జనపనార, గోగు, చెరకు పంటలకు ముంపును తీసివేసినారు. ఇప్పుడు వరికి దానిని తిరిగి చేర్చినారు.

ఎందుకు తీసివేసినారు?

ఈ కారణము తెలిసినచో రైతు ఏమి చేయవలెనో దానంతట అదే తెలియును. వరి నీటిలో పెరుగు పైరు. చేనులో నీరున్నంత మాత్రమున నష్టము కలిగినదని చెప్పుటకు వీలులేదు. నీరు తీసిన తరువాత వచ్చిన అధికారికి అది ఎంత లోతున, ఎన్నాళ్లు నిలిచినదో తెలియదు. దీనివలన నిజముగా నష్టపడినవానిని, పడనివానిని వేరుచేయుట కష్టమైనది. లేని నష్టమును చూపుటకు కూడ అవకాశము కలిగినది.

ఇప్పుడు ఆ చిక్కును తీర్చుటకు, నష్టము కలిగిన 72 గంటలలోగా పంటబీమా యాప్ ద్వారా చేను ఫొటోలు పంపవలెనని ఏర్పాటు చేసినారు. ఆ ఫొటోలో అది తీసిన చోటు గుర్తు దానంతట అదే నమోదు కావలెను. అనగా నీరు చేనులో ఉండగానే సాక్ష్యము సిద్ధము కావలెను. ముంపు తీసిన తరువాత అర్జీ వ్రాసి పెట్టుకొన్నచో ప్రయోజనము బహు తక్కువ.

మూడు రోజులలో చేయవలసిన పని

మొదట ఫొటో తీయుడు. ఫోనులో లొకేషను తెరచి ఉంచి, మీ చేని గట్టు మీదనుండియే తీయుడు. నీరు పైరులో ఎంతవరకు వచ్చినదో కనబడునట్లు దగ్గరగా ఒకటి, గట్టుతోను, సమీపమున నున్న చెట్టు, తూము, కరెంటు స్తంభము వంటి గుర్తుతోను దూరముగా ఒకటి తీయుడు. వేరు వేరు సర్వే నెంబర్లలో చేలున్నచో దేనికది తీయుడు. ఫొటో తీయు తీరునుగూర్చి మేము చెప్పినది సలహా మాత్రమే. 72 గంటల గడువు మాత్రము నిబంధన.

తరువాత ఆ ఫొటోలను పంపి, ఫిర్యాదు సంఖ్యను వ్రాసి ఉంచుకొనుడు. తుపాను సమయమున కరెంటు, ఫోను పనిచేయకపోవచ్చును. ఫోను సరిగా వాడుట తెలియనివారు రైతు సేవా కేంద్రములోని వ్యవసాయ సహాయకుని సహాయము పొందవలెను. 14447 సంఖ్యకు ఫోను చేసి కూడ నష్టమును తెలుపవచ్చును. పట్టా వివరములు, పంట, బీమా రసీదు సంఖ్య ముందుగానే ఒక కాగితముపై వ్రాసి పెట్టుకొన్నచో ఆ కంగారులో తడుముకొనవలసిన పని ఉండదు.

ఆ తరువాత వెంటనే నీరు తీయుడు. అధికారి వచ్చి చూచువరకు నీటిని నిలిపి ఉంచవలెనని కొందరు అనుకొందురు. అది పొరపాటు. రైతు నివారింపగలిగిన నష్టమునకు బీమా వర్తింపదు. పైగా గింజ గట్టిపడిన వరి నీటిలో పడియున్నచో వెన్నులోనే మొలక వచ్చును. ఫొటో తీసిన తరువాత గట్టుకు గండి కొట్టి గాని, ఇంజనుతో తోడి గాని నీటిని పంపివేసి మిగిలిన పంటను దక్కించుకొనవలెను.

మీరు తెలిపిన తరువాత బీమా కంపెనీవారు 48 గంటలలో పరిశీలకుని నియమింపవలెను. అటుపైన 10 రోజులలో నష్టమును నిర్ణయింపవలెను. ఆ నివేదిక తరువాత 15 రోజులలో పరిహారము చెల్లింపవలెను. పరిశీలకుడు వచ్చినప్పుడు మీరు గాని, మీ ఇంటివారు గాని చేను వద్ద ఉండుట మంచిది. చేని లెక్కలో వచ్చిన సొమ్ముకంటె పంటకాలము ముగిసిన తరువాత ఊరి లెక్కలో ఎక్కువ వచ్చినచో, ఆ తేడాను కూడ ఇత్తురు.

కోసిన తరువాత వాన వచ్చినచో

పనలమీద ఉండగా వాన వచ్చుట మన ప్రాంతములో తరచు జరుగును. కోసి పొలములో పరచి గాని, చిన్న కట్టలుగా కట్టి గాని ఆరబెట్టిన పంటకు, కోసిన నాటినుండి 14 రోజులవరకు తుపాను, తుపాను వాన, అకాల వర్షము, వడగండ్లవలన కలుగు నష్టమునకు వేరొక రక్షణ ఉన్నది. దీనికిని 72 గంటల గడువే. కోసిన తేదీని వ్రాసి ఉంచుకొనుడు. కుప్ప వేసిన తరువాత గాని, ధాన్యము కళ్లమునకు చేరిన తరువాత గాని ఈ రక్షణ ఉండదు. మిషనుతో కోయించి ధాన్యమును రోడ్డుపై ఆరబోయువారు ఈ సంగతి ముఖ్యముగా గమనింపవలెను.

ముందుగా చూచుకొనవలసినవి

ఎంత త్వరగా ఫొటో పంపినను, బీమాలో చేరనివానికి ఏమియు రాదు. 2020 నుండి పంట అప్పు తీసికొన్నవారికి కూడ ఈ బీమా ఐచ్ఛికమైనది. వద్దనుకొన్నవారు ఆఖరు తేదీకి 7 రోజుల ముందుగా బ్యాంకునకు వ్రాసి ఇవ్వవలెను. అప్పు ఉన్నది గదా, బీమా ఉండకపోవునా అని ఊరకుండక, ప్రీమియము కట్టినట్లు రసీదును అడిగి చూచుకొనుడు. అందులోని పేరు, ఊరు, సర్వే నెంబరు, విస్తీర్ణము, పంట, ఈ-పంట నమోదులో ఉన్నవానితో సరిపోవలెను.

స్థానిక విపత్తు, కోత అనంతర నష్టము వంటి రక్షణలను చేర్చుటను రాష్ట్రములకు విడిచిపెట్టినారు. కనుక ప్రతి పంటకాలమునకు ముందు మన రాష్ట్రము వెలువరించు నోటిఫికేషనులో కృష్ణా జిల్లా వరికి ముంపు రక్షణ ఉన్నదా, కట్టవలసిన ఆఖరు తేదీ ఏది, బీమా మొత్తమెంత అను మూడు సంగతులు మండల వ్యవసాయాధికారిని అడిగి తెలిసికొనుడు. ఆ నోటిఫికేషనులో లేని రక్షణకు పరిహారము రాదు.

కౌలు రైతులకు ఒక మాట. డెల్టాలో చేనులో దిగి పనిచేయువాడు ఒకడు, పట్టాదారు మరొకడు అగుట సాధారణము. కౌలుదారులు కూడ ఈ బీమాకు అర్హులే. కాని సాగు మీదేనని చూపు కాగితము కావలెను. 2019 చట్టము ప్రకారము పంట సాగుదారు హక్కు పత్రము పొందినచో భూమి యాజమాన్యపు హక్కులకు భంగము లేదు. ఈ సంగతి భూమిగల రైతులకు నచ్చచెప్పి, నాట్లకు ముందుగానే పత్రము తీసికొనుడు. ఒకే చేనుకు ఒకే పంటమీద ఇద్దరి పేరున బీమా చెల్లదు. పట్టాదారు పేరున బీమా ఉన్నచో సొమ్ము అతని ఖాతాకే పోవును. పెట్టుబడి పోయినది మాత్రము కౌలుదారునిది.

ఒక సాధారణ పొరపాటు

తుపాను తరువాత ప్రభుత్వ సిబ్బంది ఊరికి వచ్చి నష్టపోయిన చేలను వ్రాసికొని పోవుదురు. పంటలో 33 శాతము, అంతకు మించి పోయినవారికి ప్రకృతి వైపరీత్య సహాయ నిధి నుండి పెట్టుబడి సహాయము ఇచ్చుటకు చేయు గణన అది. బీమాకు దానితో సంబంధము లేదు. జాబితాలో పేరు వ్రాసినారు గదా అని బీమా ఫిర్యాదు చేయకుండ కూర్చున్నచో, మూడు రోజులు గడచి హక్కు పోవును. రెండింటిలోను పేరు ఉండవలెను. రెండు పనులు వేరు వేరుగా జరుగవలెను.

అడవి జంతువులవలన కలుగు నష్టమును కూడ ఇదే ప్రకటనలో చేర్చినారు. ఏ జంతువులు, ఏ ప్రాంతములు అనునది రాష్ట్రములు గుర్తించి తెలుపవలెను. దానికిని 72 గంటలలోగా ఫొటోలు పంపవలెను.

గుర్తుంచుకొనవలసినవి

1. నాట్లకు ముందు: నోటిఫికేషను చూచుట, ప్రీమియము కట్టుట, రసీదు తీసికొనుట, ఈ-పంట సరిచూచుట.

2. మునిగిన రోజున: నీరుండగానే ఫొటో, ఆ వెంటనే ఫిర్యాదు, తరువాత నీరు తీయుట.

3. కోతలలో: కోసిన తేదీ వ్రాసికొనుట, పనలు తడిసినచో అదే గడువులో తెలుపుట.

బీమా సొమ్ము పోయిన పంటను తిరిగి తేజాలదు. కాని దాళ్వా పెట్టుబడికో, పాత అప్పులో కొంత భాగమునకో అది అక్కరకు వచ్చును. మురుగు కాలువ లాగునా లేదా అనునది మన చేతిలో లేని పని. మూడు రోజులలోగా ఫొటో పంపుట మాత్రము మన చేతిలోనిదే. చదివినవారు ఈ సంగతిని చదువురాని తోటి రైతులకు తెలిపి, తుపాను రోజున వారి చేను ఫొటో కూడ తీసి పంపి సహాయపడవలెనని కోరుచున్నాము.