‘మా ఊళ్ళో ఏమున్నది?’ అన్న మనుమరాలికి



మీ ఊళ్ళో చిత్రించదగినది ఏమియు లేదని నీవు వ్రాసిన మాటను నేను ఒప్పుకొనను. గోదావరి లేదు, కొండ లేదు, చెప్పుకొనదగిన గోపురము లేదు, ఉన్నవెల్ల సిమెంటు ఇండ్లును, కరెంటు స్తంభములును, రంగురంగుల ప్లాస్టిక్ బిందెలును గనుక, ఈ సెలవులకు అరకులోయకో హంపికో పంపినగాని నీ చేయి సాగదని మీ నాన్నతో వాదించుచున్నావట. ఆ వాదము మీరిద్దరును తేల్చుకొనుడు. ఉత్తరముతోపాటు నీవు పంపిన బొమ్మను గూర్చి మాత్రము నేను మాట్లాడవలసియున్నది. ఎర్రని పెద్దబొట్టు, పసుపుపచ్చని అంచుచీర, చామనమేను గల ఆ స్త్రీని నీవెంతో నేర్పుతో వ్రాసితివి. రేఖ ఎక్కడను వణకలేదు, రంగు నిండుగా పట్టినది. అయినను, తల్లీ, ఆమె నీవు చూచిన మనిషి కాదు. ఆమె చిత్రకారుడు తోట వైకుంఠం గారు చూచిన మనిషి.

వైకుంఠం గారు 1942లో కరీంనగరు ప్రాంతమున బూరుగుపల్లియను పల్లెలో పుట్టిరి. ఊరికి వచ్చు నాటకసమాజములలో ఆడువేషము కట్టిన మగవారి అలంకరణమును పసివయసున చూచి మురిసిరి. ఇంట తల్లిని, వాకిట ఇరుగుపొరుగు ఆడువారిని, వారి చీరల అంచులను, చెక్కిళ్ళకు రాచుకొన్న పసుపును కన్నులనిండ చూచిరి. హైదరాబాదున, బరోడాలో చదువు ముగించిన పిమ్మట, ఆయన తన బొమ్మలకు వస్తువుగా ఎన్నుకొన్నది ఆ స్త్రీలనే. ఆ ఎరుపు ఆయనకు తన ఊరి కుంకుమభరిణెలో దొరికినది. నీకు అచ్చుబొమ్మలో దొరికినది. నేర్చుకొనువారు పెద్దల బొమ్మలకు నకళ్ళు తీయుట తప్పని నేననను, నీ ఈడున ఎవరు తీయలేదు? అయితే ఆ నకలును చూచుకొని, ఆ స్త్రీలు మా ఊళ్ళో లేరు గనుక మా ఊళ్ళో బొమ్మ లేదని తీర్మానించుట మాత్రము నాకు కోపము తెప్పించినది.

ఈ సందర్భమున నీకొక గురుపరంపరను చెప్పవలెను. బరోడాలో వైకుంఠం గారికిని, అంతకు కొన్నియేండ్లముందు మెదకుజిల్లా నిజాంపురమునుండి వెళ్ళిన లక్ష్మాగౌడు గారికిని గురువైనవారు కె. జి. సుబ్రహ్మణ్యన్. ఆయన స్వయముగా శాంతినికేతనమున నందలాల్ బోసు శిష్యుడు. ఆ నందలాల్ 1938లో గుజరాతులోని హరిపుర గ్రామమున జరిగిన కాంగ్రెసు మహాసభకు, గాంధీగారి కోరికపై, దారినపోవు పల్లెవారెల్లరు నిలిచి చూడదగినట్లు చిత్రఫలకములను సిద్ధపరచెను. పురాణపురుషులనో, దేశనాయకులనో వ్రాయునని తలచెడి చోట ఆయన వ్రాసినదెవరిని? డోలు వాయించువానిని, దూదేకువానిని, బట్టలు కుట్టువానిని, ధాన్యము దంచు స్త్రీలను. చేతికాగితముమీద, మట్టిరంగులతో, రెండుమూడు బలమైన కుంచెవ్రేటులలో ఆ పనివాండ్ర వీపుల వంపును, చేతుల బిగువును పట్టెను. చూడవచ్చిన రైతునకు అక్కడ కనబడినది తన వాడయే.

ఆ పరంపరలో పెరిగిన గురువు తన శిష్యులకు ఇచ్చినది ఒక బొమ్మల నమూనాయే అయినచో, లక్ష్మాగౌడు గారి చిత్రములును వైకుంఠం గారి చిత్రములును అక్కచెల్లెండ్రవలె ఉండవలసినది. అట్లు లేవు. ఒకరివి లోహపురేకుపై ఆమ్లముతో తినిపించి అచ్చొత్తిన సన్నని గీతల బొమ్మలు, వానిలో మేకలు, చెట్లు, మోటుగా కండలుదేరిన మనుష్యులు, దాపరికములేని పల్లె కామము; మరియొకరివి మెరయు రంగులతో నిండుగా నిలిచిన నిశ్చలమైన స్త్రీలు. ఇద్దరివి తెలంగాణపు పల్లెలే, గురువు ఒక్కరే, చూపులు రెండు. నీవు వారినుండి గ్రహింపవలసినది ఇదియే అని నా తాత్పర్యము.

పెన్సిలు ఎట్టిది, కాగితము ఎట్టిది, నీడ ఎటు పడవలెను అనునవి మీ మాస్టారు చెప్పుదురు. వానిని నేను వ్రాయను. నేను జీవితమంతయు పట్టుకొని వ్రేలాడిన సూత్రమొకటి కలదు. నా మేనల్లుడైన మీ నాన్న చిన్నతనమున దానిని విని విని విసిగిపోయినాడు. ఇప్పుడు నీ వంతు. వస్తువును గీయుటకు ముందు దాని పనిని చూడవలెను.

మీ ఇంట చేట ఉన్నది. దానిని గోడకు చేరవేసి గీసినచో నీకు ఒక వంపుగీతయు, కొన్ని అడ్డగీతలును దొరకును, అంతే. మా చెల్లెలు, అనగా మీ నాయనమ్మ, బియ్యము చెరుగునప్పుడు ఎదుట కూర్చుండి చూడుము. వెదురును పలుచని బద్దలుగా చీల్చి అల్లిన ఆ చేటకు మూడు ప్రక్కల గట్టు లేచి, ముందువైపు మాత్రము ఏ అడ్డును లేక తెరచియుండుట ఎందులకు? ఆమె రెండు మణికట్లతో గింజలను పైకెగురవేసి, అవి దిగులోపల చేటను రవంత తనవైపు లాగుకొనును. బరువైన గింజ తిరిగి గట్టు దగ్గరకు చేరును, తేలికయైన ఊకయు దుమ్మును గాలికి తేలి తెరచిన అంచు దాటి నేల రాలును. అదే చేటతో నేమునప్పుడు ఆ ఎగురవేత ఉండదు. చేట ప్రక్కవాటుగా, చిన్నచిన్న తట్లతో కదలి, నూకను, రాతిబెడ్డలను మంచిగింజనుండి వేరుచేయును. ఈ రెండు పనులలో భుజములు నిలుచు తీరు వేరు, మోచేతుల ఎడము వేరు, కన్నులు చూచు చోటు వేరు. మెంతులు నూరిన ముద్దయు, కాగితపు గుజ్జును కలిపి చేటకు అలుకుట, అల్లిక సందులలో గింజ జారకుండుటకు. ఆ అలుకు ఏ ప్రక్క ముందుగా అరిగిపోయినదో చూచినయెడల, మీ నాయనమ్మ చేయి ఏ ప్రక్కకు ఎక్కువ తట్టునో నీకు తెలియును. చెరుగుట ఒకప్పుడు ముగిసినను ఆ గుర్తు చేటమీద మిగిలియుండును. దానిని గీయగలిగితివా, పటములో మనిషి లేకున్నను మనిషి ఉండును. అటువంటి చేట ప్రపంచమున మరెవ్వరికిని దొరకదు, అచ్చుపుస్తకములో అసలే దొరకదు.

బిందె సంగతియు ఇట్టిదే. క్యాలెండరు బొమ్మలలో బిందె చంకనెత్తిన పడుచు నిటారుగా నిలిచి నవ్వుచుండును. నాకు ఆ బొమ్మ కంటబడినపుడెల్ల ఒళ్ళు మండును. నిండుబిందె ఎత్తిన మనిషి అట్లు నిలువజాలదు. బరువు ఒక తుంటిమీదకు రాగా నడుము పైభాగము రెండవవైపునకు ఒరుగును, వట్టిచేయి దేహమునకు దూరముగా సాగి బరువును సరితూచును, అడుగులు పొట్టివగును, మెడనరము కొంచెము బిగియును. బిందెకు మెడ సన్నగా ఉండుట చేయి చుట్టిపట్టుటకును, నడకలో నీరు తొణకకుండుటకును. పొట్ట గుండ్రముగా ఉండుట తుంటిపైన ఒదుగుటకు. ప్లాస్టిక్ బిందెలని ఈసడించితివే, అవి మాత్రము ఆ మెడనుగాని ఆ పొట్టనుగాని వదలుకొన్నవా? ఇత్తడి పోయినది, నడుము మారలేదు. మీ వీధిలో ట్యాంకరు వచ్చు వేళకు, మనుష్యులకు బదులుగా వరుసలో నిలుచు నీలి, నారింజ, ఆకుపచ్చ బిందెలను నీవు ఇంతవరకు గీయలేదనగా నాకు నమ్మశక్యము కాకున్నది. పోయిన కాలపు వస్తువులే చిత్రములకు తగినవని నీకెవరు చెప్పిరి? కొండపల్లివారు తాడియెక్కు గీతకానిని, ఎద్దులబండిని, బావిలో నీరు తోడు ఆడుదానిని బొమ్మలుగా చెక్కినది అవి ప్రాచీనములని కాదు. ఎదుట ఉన్నవి గనుక.

కొండపల్లి పేరెత్తితిని గనుక, ‘వారికది కులవృత్తి, నాకేమున్నది’ అన్న నీ రెండవ ప్రశ్నకు కూడ వచ్చెదను. కులము మాట అటుంచుము; వారి చేతిలోనికి పరిసరము ఎట్లు వచ్చుచున్నదో చూడుము. ఆ కొండలలో పెరుగు తెల్లపొణికి మెత్తనిది, తేలికయైనది. దానిని సన్ననిసెగపై కాచి తేమ పోగొట్టి, కాళ్ళు, చేతులు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల పొడియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికి, సున్నముపూత పూసి, ఆరినపిమ్మట రంగు వేయుదురు. శ్రీకాళహస్తిలో కలంకారీ వ్రాయువారు కరక్కాయ కలిపిన గేదెపాలలో బట్టను ముంచి ఆరవేయుదురు. పాలలోని జిడ్డు రంగును బట్టమీద పాకనీయదు. ఇనుపతుక్కు, బెల్లము నీటిలో పులియబెట్టి తీసిన రసము వెదురుకలమునుండి జారి ఆ బట్టను తాకగానే, కరక్కాయ వగరును ఇనుమును కలిసి నల్లని రేఖ పుట్టును. తుక్కు, బెల్లము, పాలు, కాయ! స్వర్ణముఖి ఏటినీటిలో బట్టను ఉతుకుదురు. నీవు మాత్రము ఖరీదైన రంగుల పెట్టె లేదని రెండు పుటలు దుఃఖించితివి. పొయ్యిబొగ్గు, పసుపు, సున్నము, జాజు నాలుగును ముందు పెట్టుకొనుము. పసుపులో సున్నము కలిపిన ఏమగునో పారాణి కలుపు ప్రతి ముత్తైదువకును తెలియును. నీవు కాగితముమీద కలిపి చూడుము, ఆ ఎరుపు నెలదినములు ఎండలో ఎట్లు వెలిసిపోవునో కూడ చూడుము.

చేర్యాల నకాషీ పటములను నీవు పుస్తకములో చూచియుందువు. ఆ పొడుగాటి బట్టలు కథ చెప్పువారి కొరకు వ్రాసినవి. ఒక్కొక్క కులమునకు ఒక్కొక్క పురాణము. పద్మశాలీలకు మార్కండేయుని, భావనాఋషి కథ, గౌండ్లకు గౌడపురాణము, గొల్లలకు కాటమరాజు కథ. వినువాని వృత్తికి మూలపురుషుడే కథానాయకుడు. దేవతలకు వస్త్రము నేసిన ఋషిని పటములో చూచి, పగలెల్ల మగ్గముగుంటలో కాళ్ళాడించిన నేతగాడు ఏమనుకొనియుండునో ఊహింపుము. సిద్దిపేటకు చెందిన కాపు రాజయ్య గారు (1925–2012) ఆ నకాషీల ఎరుపును, వారి గట్టి రేఖను తీసికొని బతుకమ్మను, బోనాలను, వడ్డెరస్త్రీలను వ్రాసిరి. ఆయన పటములయెదుట నేను ఎంతసేపైనను నిలువగలను. అందులోని శ్రమజీవులను చూచి జాలి కలుగదు, గౌరవము కలుగును. ఊరివాడు ఊరివారిని వ్రాసినప్పుడు కలుగు గుణమిది.

ఇక మా రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు. బొంబాయి కళాశాలలో చదివి, ఎక్కడనైనను నిలువగల ప్రతిభ ఉండియు, మరలి ఈ గోదావరిగట్టునకే వచ్చి, చిత్రకళాశాల పెట్టి, 28 ఏండ్లు నిండకుండగనే 1925లో మశూచికముచే పోయెను. ఆయనను బాల్యమున గుర్తించి ప్రోత్సహించినవాడు ఇచ్చటి కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చిన ఆంగ్లేయుడు ఆస్వాల్డ్ కూల్డ్రే. పరాయిదేశమునుండి వచ్చిన ఆ దొర ఈ ఏటినీ, ఈ పల్లెలనూ ప్రేమించి తాను చిత్రించి, మన పిల్లలచేత చిత్రింపజేసెను. ఆయన చేతిలో పెరిగినవారే అడివి బాపిరాజు, వరదా వెంకటరత్నము. రామారావు పటములను గూర్చి ఉత్తరమున వ్రాయుటకంటె నీకు చూపుట మేలు. ఇక్కడ ఆయన పేర చిత్రశాల ఉన్నది గదా.

హంపికి పోవద్దని నేను మీ నాన్నకు వ్రాయను. పొమ్ము, అయితే చేట ముగించి పొమ్ము. వస్తువు ఎదుట నిలిచి దాని పనిని అడుగుట అలవాటైనచో, హంపిలో నీవు రాతిరథముకంటె ముందు, దాని ప్రక్క కొబ్బరిబొండాలు కొట్టువాని కత్తివాటును గీయుదువు, అప్పుడు రథచక్రమును సరిగా చూడగలుగుదువు. ఫోనులో తీసిన ఛాయాచిత్రమును చూచి గీయుట మాత్రము ఈ వేసవికి మానుము. అది ఒక్క క్షణమును నిలిపివేయును. చెరుగుట ఒక్క క్షణములో లేదు.

మీ నాయనమ్మకు ముందే చెప్పి అనుమతి అడుగుము, దొంగచాటుగా గీసినచో ఆమెకు నచ్చదు, నాకును నచ్చదు. బొమ్మలు పంపునపుడు బాగున్నవి ఏరి పంపవద్దు. చెడిపోయినవానితో సహా అన్నియు పంపుము. ఒక్కొక్క కాగితమునకు వెనుకవైపు ఆ పూట చెరిగినది బియ్యమో, కందులో, మినుములో వ్రాయుము. గింజ బరువునుబట్టి చేయి ఎగురవేయు ఎత్తు మారును. నేను మొదట బొమ్మవైపు చూచి ఏ గింజయో ఊహించి, తరువాతనే త్రిప్పి చదివెదను.

ఇట్లు,
తాతయ్య